డ్యాష్‌బోర్డు పైభాగానికి మొదట్లో ఎంత మెరుపు ఉండేది?

ప్రశ్న: నీలి_సెడాన్

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 1950ల చివరి కాలానికి చెందిన అమెరికన్ సెడాన్ ఒకటి ఉంది. బయటి పెయింట్ విషయంలో నాకు పెద్ద సందేహాలు లేవు గానీ లోపలి పెయింట్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ కాలపు కార్లలో చాలావాటిలాగే ఇందులోనూ డ్యాష్‌బోర్డు మొత్తం ఉక్కు రేకే. కిటికీల చుట్టూ ఉండే పట్టీలు, స్టీరింగ్ కాలమ్, గ్లవ్ బాక్స్ మూత కూడా పెయింట్ వేసిన లోహభాగాలే. వెనకటి యజమానులలో ఎవరో వీటన్నిటి మీదా స్ప్రే డబ్బాతో ఒకే నీలం రంగును, అది కూడా నిగనిగలాడే రకాన్ని, కొట్టించారు. ఎండలో నడుపుతున్నప్పుడు డ్యాష్‌బోర్డు పైభాగం ముందు అద్దంలో ప్రతిబింబించి, రోడ్డుకు అడ్డంగా ఒక నీలి తెర కట్టినట్లు ఉంటోంది.

పోయిన వారం గ్లవ్ బాక్స్ పై అంచున ఈ పొర కొంత పెచ్చులా లేచింది. దాని కింద ముదురు నీలం, దాదాపు మెరుపు లేని పూత కనిపించింది. స్పీడోమీటరు పక్కన ఒక స్క్రూ విప్పితే దాని తల కింద లేత నీలం, కాస్త మెరుపుతో ఉంది. అంటే కర్మాగారంలో పైభాగానికి ఒక రంగు, ముఖభాగానికి మరొక రంగు వేశారని, రెండింటి మెరుపు కూడా ఒకటి కాదని నాకు అర్థమయింది. నేను సంప్రదించిన పెయింటరు మాత్రం అంతా గీకి, రేకు దాకా తీసి, బేస్ కోటు (రంగు పొర) మీద క్లియర్ కోటు (మెరిసే పారదర్శక పొర) వేస్తే సరిపోతుందని అంటున్నారు.

నా సందేహాలు ఇవి. అసలు రంగును, ముఖ్యంగా ఆ మెరుపు స్థాయిని నమ్మకంగా కనుక్కోవడం ఎలా? కింద ఉన్న పాత పూతకు హాని లేకుండా పైపొరను మాత్రమే తీయడం సాధ్యమేనా? సాధ్యం కాకపోతే, కొత్తగా ఏ రకం పెయింట్ వేయడం న్యాయం?

జవాబు: పాతపూత

నీలి_సెడాన్ గారూ, పెయింటరుకు సరే అనకముందే ఇక్కడ అడిగారు, చాలా మంచి పని చేశారు. క్లియర్ కోటు సలహాను పూర్తిగా పక్కన పెట్టండి. ఆ కాలపు లోపలి పెయింట్ ఒకే పొర పద్ధతిలో వేసేవారు. రంగూ మెరుపూ రెండూ ఆ పొరలోనే ఉండేవి. దాని మీద పారదర్శకమైన పొర పడిన క్షణంలోనే లోపలి భాగమంతా 1980ల తర్వాతి కారులా కనిపిస్తుంది, రంగు ఎంత కచ్చితంగా కలిసినా సరే.

మొదట చేయవలసిన పని కింద ఉన్నది ఏ రకం పెయింటో తెలుసుకోవడం. నైట్రోసెల్యులోజ్ లక్కర్, అంటే థిన్నర్ ఆవిరైపోగానే ఆరిపోయే ఒక రకం పెయింట్, 1920ల నుంచి కార్లకు వాడుకలోకి వచ్చింది. డ్యూపాంట్ సంస్థ డ్యూకో పేరుతో తెచ్చిన ఆ లక్కర్‌ను 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద వేశారు. క్రమంగా డ్యూకో అన్న మాటే ఆ తరహా పెయింట్‌కు వాడుక పేరయింది. 1950ల చివర్లో జనరల్ మోటార్స్ ఆక్రిలిక్ లక్కర్ వైపు మళ్లింది. ఫోర్డ్, క్రైస్లర్ సంస్థలు ప్రధానంగా కాల్చి ఆరబెట్టే ఎనామెల్‌ను వాడాయి. అయితే బయట వేసిన రకమే లోపల కూడా వేసి ఉంటారని అనుకోకండి. పరీక్షించి చూడడమే దారి.

కనబడని మూలలో, ఉదాహరణకు యాష్ ట్రే వెనక అంచున, దూది చుట్టిన పుల్లను లక్కర్ థిన్నర్‌లో తడిపి నాలుగైదు సెకన్లు మెల్లగా రుద్దండి. రంగు వెంటనే కరిగి దూదికి అంటితే అది లక్కర్. పూత మెత్తబడి ముడుచుకుపోయి, అంత సులభంగా ఊడిరాకపోతే ఎనామెల్ అనుకోవచ్చు. ఏ మార్పూ లేకపోతే గట్టిపరిచే ద్రవం కలిపి వేసిన ఆధునిక పెయింట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. లక్కరే అని తేలితే మరో అడుగు వేయవచ్చు: ఆక్రిలిక్ లక్కర్ కరగడానికి టొలీన్ అనే ద్రావకం ఒక్కటి చాలు, నైట్రోసెల్యులోజ్ మాత్రం టొలీన్ ఒక్కదానితో కరగదు, మహా అయితే కొంత మెత్తబడుతుంది. ఈ తేడా తర్వాత పైపొరను తీసేటప్పుడు ఎంతో పనికి వస్తుంది గనుక ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇక రంగు నమూనా గురించి. అందరూ గ్లవ్ బాక్స్ లోపలికి చూడమంటారు. చూడండి, కానీ రెండు మోసాలు ఉన్నాయి. పలకల వెనక వైపున కర్మాగారంలో పడినది చాలాసార్లు పక్కకు చెదిరిన తుంపర మాత్రమే. పలచటి ఆ తుంపర కింద ప్రైమరు కనిపిస్తూ రంగును మార్చి చూపుతుంది. రెండవది, మీటర్ల చుట్టూ ఉండే రబ్బరు వాషర్ల కింద వెలుగు తగలలేదు కదా అని అక్కడి రంగును నమ్మడం. రబ్బరులోని రసాయనాలు ఏళ్ల తరబడి పెయింట్‌లోకి దిగి గోధుమరంగు మరక చేస్తాయి. లోహపు బిగింపు పట్టీ కిందో, కాలమ్ డ్యాష్‌బోర్డును తాకే చోట బ్రాకెట్ కిందో పూర్తి మందంతో ఉన్న పూత దొరికితే అదే మంచి సాక్ష్యం. నైట్రోసెల్యులోజ్ ఎండకూ వేడికీ పసుపెక్కుతుంది. లేత నీలం మీద ఆ పసుపు పడితే చూడటానికి సముద్రపు ఆకుపచ్చలా ఉంటుంది. ఆ పచ్చదనాన్నే అసలు రంగుగా భావించి డబ్బాలకు డబ్బాలు కలిపించినవారిని నేను ఎరుగుదును. నిజం చెప్పాలంటే, ఒకసారి నేనూ ఆ పొరపాటు చేశాను.

నమూనా దొరికిన చోట నాణెమంత మేర 1000 నంబరు, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు చల్లుతూ చిన్న గుంటలా అరగదీయండి. పొరలన్నీ చెట్టు కాండం మీద వలయాల్లా ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. భూతద్దంతో చూసి ఏ పొర తర్వాత ఏది వచ్చిందో, వాటి మధ్య ధూళి గీత ఉందో లేదో గమనించండి. రెండు రంగుల పొరల మధ్య మురికి గీత ఉంటే కారు కొంతకాలం తిరిగాక పైది వేశారని అర్థం. గీత లేకుండా ఒకదాని మీద ఒకటి నేరుగా కూర్చుంటే రెండూ కర్మాగారంలోనే పడి ఉండవచ్చు. బాడీ మీద ఉండే గుర్తింపు పలకలోని పెయింట్ కోడ్ బయటి రంగుకు చెందినది. లోపలి లోహభాగాల రంగు చాలా అమెరికన్ కార్లలో సీట్ల బట్టను సూచించే ట్రిమ్ కోడ్‌ను అనుసరించి నిర్ణయమయ్యేది. మీ గుంటలో కనిపించినదీ ఆ కోడ్ చెప్పేదీ సరిపోలితే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు.

జవాబు: సన్న_తుంపర

పాతపూత గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఆయన రంగు దగ్గర ఎక్కువసేపు నిలిచారు, మీరు అడిగింది మెరుపు గురించి. ముప్పై ఏళ్లుగా స్ప్రే గన్ పట్టినవాడిగా చెబుతున్నాను: లోపలి భాగాల్లో రంగు కొద్దిగా అటూ ఇటూ అయినా చూసేవారి కంటికి ఆనదు, మెరుపు తప్పితే మాత్రం తలుపు తీయగానే తెలిసిపోతుంది.

మెరుపును కొలిచే మీటరు ఒకటి ఉంటుంది. సాధారణంగా 60 డిగ్రీల కోణంలో కొలుస్తారు. ఆ కొలత 70 యూనిట్లు దాటితే 20 డిగ్రీల కోణానికీ, 10 యూనిట్ల లోపు ఉంటే 85 డిగ్రీల కోణానికీ మారాలి. లేకపోతే బాగా మెరిసేవాటి మధ్య గానీ బాగా మసకగా ఉన్నవాటి మధ్య గానీ తేడా తెలియదు. మీ డ్యాష్‌బోర్డు పైభాగం ఆ చివరి తరగతిలో ఉండవచ్చు. కొలిచే ముందు పాత పూతను పాలిష్ చేయకండి, మైనం రాయకండి. మసక పెయింట్ మెరవకపోవడానికి కారణం దాని ఉపరితలం సూక్ష్మంగా గరుకుగా ఉండటమే. గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ గరుకుతనం నునుపై మెరుపు పెరుగుతుంది, మళ్లీ తగ్గించే ఉపాయం ఉండదు. చేతులు తరచూ తగిలే చోట, తాళం చెవి గుత్తి రాసుకునే చోట కూడా ఇదే జరిగి ఉంటుంది కనుక అక్కడ తీసిన కొలతను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇదే సందర్భంలో ఒక అపోహ గురించి. అమెరికాలో 1968 జనవరి 1 నుంచి అమలైన 107వ నంబరు భద్రతా ప్రమాణం డ్యాష్‌బోర్డు పెయింట్ మెరుపును నిర్దేశించిందని కొందరు వాదిస్తారు. అది వైపర్ చేతులు, ముందు అద్దం లోపలి పట్టీలు, హారన్ రింగు, అద్దం ఫ్రేము వంటి మెరిసే లోహభాగాలకు సంబంధించినది. 20 డిగ్రీల కొలతలో 40 యూనిట్లు మించరాదన్నది అప్పట్లో అందులోని నియమం. మీ కారు దానికంటే పాతది. పైభాగాన్ని మసకగా ఉంచడం కళ్లకు వెలుగు కొట్టకూడదన్న ఆలోచనతో తయారీదారులు అంతకుముందే మొదలుపెట్టిన అలవాటు. కాబట్టి ఏదో నిబంధనలోని అంకెను పట్టుకుని పెయింట్ కలపకండి, మీ కారు చూపిన సాక్ష్యాన్నే పట్టుకోండి.

రంగును యంత్రంతో కొలిపిస్తే మెరుపును కూడా కలుపుకొని కొలిచే అమరికలోనే కొలవమని అడగండి. ఒకే వర్ణకం మసకగా ఉన్నప్పుడు లేతగానూ, మెరుస్తున్నప్పుడు ముదురుగానూ కనిపిస్తుంది. మెరుపును మినహాయించే అమరికలో యంత్రం కూడా మన కంటిలాగే ఈ తేడాను రంగు తేడాగా చూస్తుంది; మీరు మసక పూతను కొలిచి, దాని ఆధారంగా కలిపిన రంగును మళ్లీ మసకగా వేస్తే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. కలిపిన రంగును పగటి వెలుగులోనూ పాతకాలపు పసుపు బల్బు కిందనూ నమూనా పక్కన పెట్టి చూడండి. నాటి వర్ణకాలు, నేటి వర్ణకాలు వేరు గనుక ఒక వెలుగులో కవలల్లా ఉన్నవి మరో వెలుగులో అపరిచితుల్లా కనిపించడం సాధారణమే.

ఇప్పుడు వేసే పద్ధతి. మెరుపును తగ్గించేది పెయింట్‌లో కలిపే సన్నటి సిలికా పొడి. అది డబ్బా అడుగుకు దిగిపోతుంది కాబట్టి కలిపి పక్కన పెట్టి, మర్నాడు అలాగే గన్‌లో పోస్తే మొదటి పలక మెరుస్తుంది, చివరి పలక సున్నం కొట్టినట్లు ఉంటుంది. ఒకే రంగును మెరిసే రకంలోనూ మసక రకంలోనూ తెచ్చుకుని, వివిధ పాళ్లలో కలిపి, కనీసం ఆరు రేకు ముక్కల మీద వేసి చూడండి. సగం సగం కలిపితే మెరుపు సగమవుతుందని అనుకోవద్దు. ఆ సంబంధం సరళరేఖలో నడవదు. తడిగా ఉన్నప్పుడు అన్నీ మెరుస్తాయి, కనీసం ఒక రోజు ఆరాకే తీర్పు చెప్పాలి. ఆ ముక్కలను బల్ల మీద పెట్టి పైనుంచి చూడటం వృథా. డ్యాష్‌బోర్డు పైన, అది ఉన్న వాలులోనే పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని చూడండి.

చివరి పూత అన్ని పలకల మీదా ఒకే మందంతో, ఒకే తడితో పడాలి. గన్‌ను దూరంగా పట్టి పొడిపొడిగా కొడితే మెరుపు తగ్గుతుంది నిజమే, కానీ అది గరుకుతనం వల్ల వచ్చే దొంగ మసక. గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంది, మురికి పట్టి వదలదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున లక్కర్ మీద తెల్లని పొగమంచులాంటి పొర కమ్ముతుంది. నిదానంగా ఆరే థిన్నర్ కలిపితే చాలావరకు తప్పుతుంది, ఆ రోజుకు పని మానుకుంటే పూర్తిగా తప్పుతుంది.

లక్కరా, గట్టిపరిచే ద్రవం కలిపే ఆధునిక యురెథేన్ పెయింటా అన్న ప్రశ్నకు నా జవాబు కొందరికి నచ్చకపోవచ్చు. అసలు పూత పూర్తిగా పోయిన భాగానికి ఒకే పొరగా వేసే యురెథేన్‌ను, సరైన మెరుపుకు తగ్గించి వేయడంలో తప్పు లేదని నా అభిప్రాయం. అది పగలదు, పసుపెక్కదు, కంటికి లక్కర్‌లాగే కనిపించేలా వేయవచ్చు.

జవాబు: పాతపూత

ఈ చివరి మాట దగ్గరే సన్న_తుంపర గారితో నాకు పేచీ. యురెథేన్ ఎంత మన్నినా, దాన్ని మళ్లీ సరిచేయాలంటే పలక మొత్తం గీకవలసిందే. లక్కర్ మీద గీత పడితే అదే లక్కర్‌తో పదేళ్ల తర్వాత కూడా దిద్దవచ్చు, ఎందుకంటే కొత్త పొరలోని థిన్నర్ పాత పొరను కొద్దిగా కరిగించుకుని దానిలో కలిసిపోతుంది. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించిన టూరిన్ చార్టర్ కూడా పరిరక్షణకూ పునరుద్ధరణకూ మధ్య తేడాను గుర్తించి, ఉన్న పదార్థాన్ని వీలైనంత నిలుపుకోవడానికి ప్రాధాన్యం ఇస్తుంది. అలాగని లక్కర్ దొరకనప్పుడు కారును అలాగే వదిలేయమని నేను అనను. సన్న_తుంపర గారు పెట్టిన షరతు, అంటే అసలు పూత పూర్తిగా పోయిన భాగానికి మాత్రమే అన్నది, కచ్చితంగా పాటిస్తే మాకు పెద్ద తగువు లేదు.

పైపొరను తీయడం గురించి మీరు అడిగిన రెండవ ప్రశ్నకు వస్తాను. స్ప్రే డబ్బాతో వేసేవారు సాధారణంగా కింది పూతను అరగదీయరు, శుభ్రంగా కడగరు. వారి బద్ధకమే ఇప్పుడు మీకు అదృష్టం. మీ పొర పెచ్చులా లేచిందంటే దానికీ కింది పూతకూ పట్టు లేదన్నమాట. కాబట్టి మొదట ద్రావకాల జోలికి పోకండి. ప్లాస్టిక్ బ్లేడును, లేదా మూలలు గుండ్రంగా అరగదీసిన రేజర్ బ్లేడును, దాదాపు పడుకోబెట్టి, లేచిన అంచు నుంచి లోపలికి నెట్టుకుంటూ వెళ్లండి. పని చాలా నెమ్మదిగా సాగుతుంది; అరచేతి వెడల్పు తీయడానికి ఒక సాయంకాలం పట్టినా ఆశ్చర్యం లేదు. ఊడని చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదితో అద్ది, పైపొర మెత్తబడుతోందా, కింది రంగు దూదికి అంటుతోందా అని చాటుగా ఉన్న మూలలో పరీక్షించండి. డబ్బాలలో వచ్చే ఆక్రిలిక్ పెయింట్‌లలో కొన్ని దానికి లొంగుతాయి. కింది రంగు దూది మీద కనిపించిన మరుక్షణం ఆపేయాలి. కింద ఉన్నది కాల్చిన ఎనామెల్ అయితే మీ పని సులువు, లక్కర్ అయితే ప్రతి అంగుళానికీ పరీక్ష అవసరం.

అంతకంటే ముందు కడగడం. డ్యాష్‌బోర్డులకు మెరుపు కోసం రాసే సిలికోన్ ద్రవాల జాడ పిసరంత మిగిలినా, తర్వాత వేసే పెయింట్ చేపకళ్లలాంటి గుండ్రటి గుంటలతో విచ్చిపోతుంది. మైనాన్నీ జిడ్డునూ తీసే ద్రావకంతో, ప్రతిసారీ కొత్త గుడ్డ తీసుకుంటూ, అరగదీయడానికి ముందే తుడవాలి. అరగదీశాక తుడిస్తే ఆ సిలికోన్ గీతల్లోకి దిగిపోయి ఉంటుంది.

జవాబు: ముసుగు_మరువకు

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, కానీ ఇంతవరకు ఎవరూ సీసం ప్రస్తావన తేలేదు. ఆ కాలపు పసుపు, ఆకుపచ్చ వర్ణకాలలో లెడ్ క్రోమేట్, ప్రైమర్లలో ఎర్ర సీసం ఉండే అవకాశం ఉంది. రోడిజొనేట్ అనే రసాయనంతో పనిచేసే పరీక్ష పుల్లలు సీసం ఉంటే గులాబీ లేదా ఎరుపు రంగుకు మారతాయి. కానీ ఎర్ర పెయింట్ మీద వాటిని నమ్మలేం. కారు లోపల పొడిగా అరగదీయడం అనే మాటే వద్దు. తడిపే అరగదీయాలి, పొడిని హెపా ఫిల్టరు ఉన్న వ్యాక్యూమ్‌తో తీయాలి, సన్నటి ధూళిని ఆపే ఫిల్టరున్న ముసుగు వేసుకోవాలి. బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు.

యురెథేన్ గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర వల్ల వచ్చే ఉబ్బసం ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలకపోవచ్చు. బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే ముసుగు లేకుండా ఆ పెయింట్ ముట్టుకోకండి. మీ డ్యాష్‌బోర్డు బాడీకి వెల్డింగ్ చేసినదైతే కారులోనే స్ప్రే చేయక తప్పదు; అటువంటప్పుడు లక్కర్‌కు కూడా అగ్ని ప్రమాదం ఉంది కాబట్టి బ్యాటరీని కారులోంచి తీసేసి, తలుపులన్నీ తెరిచి, నిప్పురవ్వ రాని ఫ్యాను పెట్టి పని చేయండి.

జవాబు: చెక్కగీతలు

ఇదే చర్చలో నాదొక చిన్న సందేహం. నా కారు 1940ల నాటిది. కిటికీ పట్టీలు లోహమే అయినా చెక్కలా గీతలు ఉన్నాయి. అది చేతితో వేసిన పనా, అంటించిన పొరా? డ్రైవరు వైపు పట్టీ బాగా అరిగిపోయింది, దాన్ని కుంచెతో దిద్దవచ్చా?

జవాబు: పాతపూత

కుంచెతో దయచేసి వద్దు. భూతద్దంతో చూడండి. గీతలు సన్నటి చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది అచ్చు పని. లేతరంగు పూత వేసి, చెక్క గీతలు చెక్కిన లోహపు పలకకు సిరా పూసి, ఆ సిరాను మెత్తటి రోలరుతో ఎత్తి లోహం మీద దొర్లించేవారు, ఆపై వార్నిష్ వేసేవారు. మరో పద్ధతిలో డై-నాక్ వంటి ముద్రిత పొరను అంటించేవారు. వంపుల దగ్గర గీతలు సాగినట్లు ఉన్నాయా, ఎక్కడైనా పొర అంచు గోటికి తగులుతోందా అన్నది చూస్తే రెండోదేమో తెలుస్తుంది. అచ్చు పనే అయితే, అదే సూత్రంతో పనిచేసే పలకలూ రోలర్లూ ఇప్పటికీ దొరుకుతాయి. అయితే అరిగిన పట్టీని ఒంటరిగా చేయకండి. దాని పక్కనున్న పట్టీలోని లేతరంగు ఇప్పుడు వార్నిష్ పసుపుతో కలిసి తేనెరంగులో ఉంటుంది, మీరు కొత్తగా వేసేది దాని ముందు వెలవెలబోతుంది. చివరి వార్నిష్‌లో ఆ తేనెరంగును కొంచెం కలిపి, రేకు ముక్కల మీద సరిచూసుకున్నాకే పట్టీని ముట్టుకోండి. బాగున్న పట్టీలను అమోనియా ఉన్న అద్దాల శుభ్రద్రవంతో తుడవకండి. ఆ పలచటి వార్నిష్ పోతే దాని వెంట గీతలూ పోతాయి.

జవాబు: సన్న_తుంపర

చెక్క గీతల మాట వచ్చింది గనుక ముడతల పెయింట్ గురించి కూడా ఒక్క ముక్క. 1962లో వచ్చిన ఎంజీబీ వంటి కార్ల డ్యాష్‌బోర్డు మీద ఉండే నల్లటి ముడతల పూతలో పైపొర ముందుగా ఆరి, కింద ఇంకా తడిగా ఉన్న పొర మీద ముడుచుకుంటుంది. తుంగ్ నూనె ఆ గుణానికి పేరుపడింది. దాన్ని ముక్కలుగా దిద్దడం కుదరదు. మందంగా, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి వేసి, పలక అంతటికీ సమానంగా వేడి తగిలించాలి. వేడి ఎక్కువ తగిలిన చోట ముడతలు మారిపోతాయి కాబట్టి ఒక మూలన దీపం పెట్టి పని కానిచ్చేద్దామనుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

జవాబు: నీలి_సెడాన్

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కింద ఉన్నది లక్కరేనని, టొలీన్‌కు కరిగింది గనుక ఆక్రిలిక్ రకమని తేలింది. ట్రిమ్ కోడ్ కూడా రెండు నీలాలనే సూచిస్తోంది. ప్లాస్టిక్ బ్లేడుతో ముఖభాగంలో నాలుగింట మూడు వంతుల పైపొర ఊడివచ్చింది, కింద లేత నీలం నేను ఊహించినదానికంటే చాలా బాగుంది. తాళం చుట్టూ, యాష్ ట్రే అంచున మాత్రం రేకు తేలింది. పైభాగం కథ వేరు: ఎండకు కాలి, పగుళ్లు వచ్చి, బ్లేడు తగలగానే అసలు పూత కూడా పొడిలా రాలిపోయింది. యాష్ ట్రే బ్రాకెట్ కింద ముఖభాగం కొలత 60 డిగ్రీల దగ్గర 34 వచ్చింది. పైభాగంలో, గడియారం బిగింపు కింద మిగిలిన చోట 60 డిగ్రీలకు 7 మాత్రమే వచ్చింది, 85 డిగ్రీలకు మారి మళ్లీ కొలిచి రాసుకున్నాను.

ఒక పొరపాటు ఒప్పుకోవాలి. ఊడిన చోట మిగిలిన జాడలు తీద్దామని ప్రయాణికుడి వైపు కొద్ది మేర పాలిష్‌తో రుద్దాను. అక్కడ కొలత ఇప్పుడు 58 చూపిస్తోంది. సన్న_తుంపర గారు ముందే హెచ్చరించారు, తప్పు నాదే.

తాళం చుట్టూ దిద్దడానికి, మ్యూజియంలలో వాడే పారాలాయిడ్ బి-72 రెసిన్‌లో రంగు కలిపి వేస్తే ఎలా ఉంటుందని ఒక మిత్రుడు అడిగారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు కదా అన్నది ఆయన వాదన.

జవాబు: పాతపూత

మిత్రుడి ఆలోచన మంచిదే, చోటు సరైనది కాదు. బి-72 దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు దాటుతుంది. ముఖభాగం అంత వేడెక్కకపోయినా, తాళం చెవి రాసుకునే చోట ఆ రెసిన్ దుమ్మును అంటించుకుని జిగటగా తయారవుతుంది. అదే ఆక్రిలిక్ లక్కర్‌ను 34కు తగ్గించి, రేకు తేలిన చోట మొదట పలచటి ప్రైమరు వేసి, సన్న కుంచెతో చుక్కలుగా నింపండి. పూత ఉన్న చోటికి కుంచె జరగనీయకండి. గన్‌తో మధ్యలో దిద్దితే థిన్నరు పాత పూతను కరిగించిన మేర మెరిసే వలయం ఏర్పడుతుంది, మసక పెయింట్‌లో ఆ వలయాన్ని అరగదీసి మాయం చేయలేం.

పైభాగాన్ని మొత్తంగా మళ్లీ వేయవలసిందే. కర్మాగారంలో రెండు రంగులు ఎక్కడ కలిశాయో, ఆ గీత రేకు వంపు మీద ఉందా దాని కిందనా అన్నది టేపు అంటించే ముందు ఫోటో తీసి, కొలత రాసి పెట్టుకోండి. చాలామంది ఆ గీతను తమకు తిన్నగా తోచిన చోట వేస్తారు, అది అసలు చోటుకు కాస్త పక్కకు జరిగినా డ్యాష్‌బోర్డు ముఖకవళికే మారిపోతుంది. ఆక్రిలిక్ లక్కర్ మందమైతే పగులుతుంది గనుక పలచటి పూతలు మూడు నాలుగు చాలు.

ప్రయాణికుడి వైపు మెరిసిన మచ్చ విషయంలో తొందరపడకండి. అది అసలు పూతే. బాగా సన్నటి బూడిదరంగు రాపిడి మెత్తతో, సబ్బు నీళ్లు చల్లుతూ, ఒకే దిశలో రెండు మూడుసార్లు మాత్రం తిప్పి ఆరాక కొలవండి. 34కు రాకపోయినా 45 దగ్గరికి దిగితే అక్కడితో ఆపేయండి.

జవాబు: నీలి_సెడాన్

సబ్బు నీళ్లతో చేశాను, 41కి దిగింది, ఆపేశాను. డ్రైవరు సీట్లోంచి చూస్తే తేడా తెలియడం లేదు; ప్రయాణికుడి సీట్లోంచి, అదీ సాయంత్రపు వాలు వెలుగులో మాత్రం తెలుస్తుంది. గడియారం బిగింపు కింద మిగిలిన ముదురు నీలం ముక్కకు పెయింట్ తగలకుండా టేపు వేసి, అలాగే ఉంచేస్తున్నాను. పైభాగానికి ఎనిమిది రేకు ముక్కలు వేశాను, మూడవదీ నాలుగవదీ దగ్గరగా ఉన్నాయి, రెండింటి మధ్య పాళ్లలో మరొకటి వేసి చూడాలి. గాలిలో తేమ తగ్గే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.